దాలప్ప అడిగిన మాట

అనగా అనగా, మీ ముత్తాతకి పాలపళ్ళు ఊడుతున్న రోజుల్లో, నాగావళికి ఆవలి గట్టున ఒక ఊరు. ఊరి పేరు నేను చెప్పను. ఆ ఊరివాళ్ళు ఇప్పుడు మంచివాళ్ళే. అప్పుడు కాదు.

ఆ ఊళ్ళో ఒక బడి. ఆ బడికి ఒక పంతులు. ఆ పంతులు మెడలో ఒక ఈల. స్నానానికి వెళ్ళినా ఆ ఈల తీసేవాడు కాదంటారు. నేను చూళ్ళేదు కానీ నమ్ముతాను.

ఆ బడి ఊడ్చి, పెరటి బావిలో నీళ్ళు తోడి, కుండలు నింపే మనిషి పేరు దాలమ్మ. పిల్లలు అక్క వరసన దాలప్ప అనేవారు. ఊరి చివర గుడిసె, ఒంటి మీద ఒక నేత కోక, అంతే ఆవిడ సంసారం. నా అన్నవాళ్ళు లేరు. ఆవిడ ఎవరి బిడ్డ, ఎక్కణ్ణుంచి వచ్చింది, పొద్దున ఏమైనా తిందా అని ఆ ఊళ్ళో ఎవరైనా అడిగారా? అడగలేదు.

అలా ఉండగా జమీందారుగారి దగ్గర్నుంచి ఒక హుకుం వచ్చింది. జమీలో పిల్లలు మరీ పీలగా ఉన్నారని ఆయనకి ఎవరో చెప్పారట. ఇకమీదట ప్రతి బడిలో, ప్రతి పొద్దునా, పిల్లలందరి చేతా కసరత్తు చేయించాలి. పరుగులు, దూకుళ్ళు, బస్కీలు. అయ్యాక తలా ఒక గుప్పెడు నానబెట్టిన శనగలు, ఒక బెల్లం ముక్క. ఏడాదికోసారి దివానుగారు వచ్చి చూస్తాడు. ఏ ఊరి పిల్లల కసరత్తు బాగుంటే ఆ ఊరి బడికి ఒక ఇత్తడి గంట.

హుకుంలో ఏముంది? పిల్లలందరి చేతా అని ఉంది. మంచి మాటే. ఆ మాట మన పంతులు నోట్లో పడేసరికి ఏమైందో వినండి.

పంతులు పిల్లల్ని ఎండలో వరసగా నిలబెట్టాడు. చేతిలో బెత్తంతో వరస వెంట నడిచాడు. కాళ్ళు చక్కగా ఉన్నవాణ్ణి ఉండమన్నాడు. చొక్కా శుభ్రంగా ఉన్నవాణ్ణి ఉండమన్నాడు. మునసబు కొడుకు జోగినాయుణ్ణి అసలు చూడకుండానే ఉండమన్నాడు. మిగతావాళ్ళని బెత్తంతో ఇలా పక్కకి తోశాడు, వడ్లలో తాలు తీసినట్టు.

పక్కకి తోసినవాళ్ళు చాలామందే. వాళ్ళలో ముగ్గురి పేర్లు చెప్తాను. కనకమని ఒక పిల్ల. పసితనంలో జ్వరమొచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది, కర్ర పట్టుకుని నడుస్తుంది. బుచ్చెన్నని ఒకడు. బొద్దుగా ఉంటాడు, నాలుగడుగులు పరుగెత్తితే చెమటతో తడిసిపోతాడు. రాజులు అని ఇంకొకడు. వాడికి ఆయాసం, మంచు కాలంలో వాడి ఊపిరి నాలుగిళ్ళ అవతలికి వినిపిస్తుంది.

"మీరు పెరట్లోకి పోయి కూర్చోండి" అన్నాడు పంతులు. "ఊరి పరువు తీయకండి."

వాళ్ళు పోయి కూర్చున్నారు. ముందు వాకిట్లో ఈల మోగేది, ఏరిన పన్నెండుమంది పరుగెత్తేవారు. పెరట్లో మిగతావాళ్ళు గోడవైపు చూస్తూ కూర్చునేవారు. వాళ్ళ అమ్మానాన్నలైనా వచ్చి ఇదేమిటని అడిగారా? అడగలేదు.

ఇక శనగల సంగతి. సాయంత్రం శనగలు నానబోసేది దాలప్పే. పొద్దున నీళ్ళు వార్చి ఇచ్చేదీ ఆవిడే. పంతులు పంచేది మాత్రం పన్నెండుమందికే. మిగిలినవి ఏమయ్యేవంటే, పంతులుగారి ఆవిడ గుగ్గిళ్ళు బాగా చేస్తుందని ఊళ్ళో పేరు. అంతకంటే నేను చెప్పను.

దాలప్ప వారం రోజులు చూసింది. ఆ తర్వాత పంతులు ముందుకి వెళ్ళి నిలబడింది.

"పంతులు బాబూ, పెరట్లో కూకున్న గుంటలకి కూడా శనగలు పెట్టాల గదా?"

"కసరత్తు చెయ్యని ఒంటికి శనగలెందుకే?"

"మరైతే ఆల్ల సేత కూడా సేయించండి."

"శనగల్లేని ఒంటితో వాళ్ళేం కసరత్తు చేస్తారే?"

విన్నారా? మళ్ళీ చెప్తాను, వినండి. కసరత్తు చెయ్యరు కాబట్టి శనగలు లేవు. శనగలు లేవు కాబట్టి కసరత్తు చెయ్యలేరు. చదువుకున్నవాడి మాట ఇది! ఈ మాట చెప్పిన ప్రతిసారీ నాకు ఒళ్ళు మండిపోతుంది. దాలప్పకి చదువు రాదు కాబట్టి అందులో ఉన్న మోసం వెంటనే తెలిసిపోయింది.

ఆవిడ శనగలు దొంగిలించలేదు. నేనైతే దొంగిలించేదాన్ని. ఆవిడ తన ఇంట్లో కాచుకున్న చోడి అంబలి, అదే రాగి అంబలి, ముంతతో తెచ్చి, పెరట్లో పిల్లలకి తలా రెండు గుక్కలు పోసేది. తర్వాత బావి గిలక మీంచి చేంతాడు విప్పేది.

"లెగండి" అనేది. "పంతులుకి ఈలుంటే మనకి తాడుంది."

ఒక పిల్లని అటు, ఒక పిల్లాణ్ణి ఇటు నిలబెట్టి తాడు తిప్పించేది. మిగతావాళ్ళని దూకమనేది. తాడుని నేల మీద పాములా పరిచి దాని మీదే నడవమనేది. రెండు జట్లు చేసి అటూ ఇటూ లాగమనేది. కనకాన్ని బావి గట్టు మీద కూర్చోబెట్టి తాడు కొస చేతికిచ్చింది. ఆ పిల్ల కర్ర మీద బరువు మోసీ మోసీ చేతులు గట్టిపడి ఉన్నాయి. అది తాడు తిప్పితే గాలి కోసుకుపోయేది. బుచ్చెన్న మొదటి రోజు ఒక్క దూకు దూకి కూలబడ్డాడు. నెల తిరిగేసరికి నాలుగు దూకేవాడు. రాజులు దూకలేడు. వాడు గొంతెత్తి లెక్క చెప్పేవాడు. అలా చెప్పీ చెప్పీ, అంతకుముందు అయిదు దగ్గర ఆగిపోయే ఊపిరి ఇరవైదాకా వచ్చేది.

నవ్వులు మొదలయ్యాయి. ముందు వాకిట్లో ఈల, పెరట్లో నవ్వు. పన్నెండుమందీ పరుగెత్తుతూ పెరటివైపు తలలు తిప్పేవారు. పంతులు బెత్తంతో ఆ తలలు ఇటు తిప్పేవాడు.

దాలప్ప రెండోసారి పంతులు దగ్గరికి వెళ్ళింది.

"బాబూ, ఒక్కపాలి పెరట్లోకి వచ్చి సూడండి. కనకం తాడు ఎలాగ తిప్పుతాందో సూడండి."

"నీళ్ళు తోడే తాడుతో ఆటలేమిటే దాలీ? తాడు తెగితే ఎవడు కొంటాడు?"

పెరడు ఎంత దూరం? ముప్ఫై అడుగులు. ఆ ముప్ఫై అడుగులు నడవలేకపోయాడు, కసరత్తు నేర్పే పంతులు!

ఏడాది తిరిగింది. దివానుగారు వస్తున్నాడని కబురొచ్చింది. ఊరంతా వాకిళ్ళు అలికారు. బడికి సున్నం కొట్టారు. ముందురోజు మధ్యాహ్నం పంతులే దాలప్పని పిలిచాడు.

"రేపు పెరట్లో ఎవరూ కనపడకూడదు. ఆ పిల్లలందర్నీ గడ్డి కొట్టంలో కూర్చోబెట్టి బయట గొళ్ళెం పెట్టు. దివానుగారు వెళ్ళాక తీద్దువుగాని."

దాలప్ప మూడోసారి నోరు తెరిచింది. "బాబూ, ఆల్లేటి తప్పు సేసినారు?"

"గొళ్ళెం పెడతావా, పని మానుకుంటావా?"

ఇప్పుడు చెప్పబోయేది ఈ కథలో నాకు నచ్చని చోటు. అయినా జరిగింది జరిగినట్టే చెప్పాలి. మర్నాడు పొద్దున ఆ పిల్లల్ని గడ్డి కొట్టంలోకి తీసుకెళ్ళింది దాలప్పే. గొళ్ళెం పెట్టిందీ దాలప్పే. ఆడుకోవడానికి వాళ్ళకి చేంతాడు ఇచ్చి, బయటికొచ్చి తలుపు వేసింది. ఆవిడకి ఉన్నది ఆ ఒక్క పని. భయపడింది. కూలికి పోయే మనిషి భయపడదా మరి?

దివానుగారు పల్లకీలో వచ్చాడు. కుర్చీ వేశారు. మునసబు, కరణం, పెద్ద రైతులు వెనకాల నిలబడ్డారు. మిగతా ఊరంతా గోడ పక్కన నిలబడింది. పంతులు ఈల ఊదాడు. పన్నెండుమంది పరుగెత్తారు. ఈల ఊదాడు. పన్నెండుమంది దూకారు. ఈల ఊదాడు. పన్నెండుమంది ఒక్కసారిగా కూర్చుని ఒక్కసారిగా లేచారు. బాగా చేశారు, కాదనను. శనగలు తిన్న పిల్లలు మరి.

దివానుగారు మీసం మీద చెయ్యి వేశాడు. బంట్రోతు ఇత్తడి గంట తెచ్చి ఆయన చేతికిచ్చాడు. ఇవ్వబోతూ ఆయన ఊరికే అడిగాడు, మాటవరసకి.

"బడిలో పిల్లలందరూ వీళ్ళేనా?"

"వీళ్ళేనండి" అన్నాడు పంతులు. "ఎవరూ మిగల్లేదండి."

దాలప్ప అప్పుడు దివానుగారికి మంచినీళ్ళు తెస్తోంది. చెంబు పట్టుకుని మధ్యలో ఆగిపోయింది. చెంబు నేల మీద పెట్టింది. తలమీద కొంగు తీసి నడుముకి చుట్టింది.

ఆవిడ పెద్దలవైపు తిరిగి అడిగింది. "ఎవులూ మిగల్లేదా?"

మునసబు గుడ్లురిమాడు. కరణం ఆకాశంలోకి చూశాడు.

గోడ పక్కన నిలబడ్డ ఊరివైపు తిరిగి అడిగింది. "ఎవులూ మిగల్లేదా?"

బుచ్చెన్న నాన్న అక్కడే ఉన్నాడు. కనకం అమ్మ అక్కడే ఉంది. రాజులు తాత అక్కడే ఉన్నాడు. తమ బిడ్డ ఎక్కడుందో తెలిసి కూడా తలలు దించుకున్నారు.

వరసలో నిలబడ్డ పన్నెండుమంది పిల్లలవైపు తిరిగి అడిగింది. "ఒరే నాయనా, మీరు సెప్పండి. ఎవులూ మిగల్లేదా?"

జోగినాయుడి తల దానంతట అదే గడ్డి కొట్టం వైపు తిరిగింది. మిగతా పదకొండు తలలూ తిరిగాయి.

దాలప్ప వెళ్ళి గొళ్ళెం తీసింది.

ఇప్పుడు మీరేమనుకుంటున్నారో నాకు తెలుసు. ఆ పిల్లలు వచ్చి అద్భుతంగా ఆడారనీ, దివానుగారు లేచి చప్పట్లు కొట్టాడనీ అనుకుంటున్నారు. అలా చెప్పేవాళ్ళూ ఉన్నారు. నేను చెప్పను. పిల్లలు ఒళ్ళంతా గడ్డితో, ఎండకి కళ్ళు చికిలించుకుంటూ వచ్చారు. దాలప్ప ఆడమంది. కనకం తాడు తిప్పింది. బుచ్చెన్న మూడు దూకి, నాలుగోది దూకబోయి పడ్డాడు. గడ్డి దుమ్ముకి రాజులికి ఆయాసం వచ్చేసింది. ఏడు దాకా లెక్క చెప్పి, చాతీ పట్టుకుని కూర్చున్నాడు.

జనం నవ్వారు. వాళ్ళ పిల్లల్ని చూసి వాళ్ళే నవ్వారు.

దివానుగారు ముక్కు చిట్లించాడు. పంతులు అబద్ధం చెప్పాడని ఆయనకి కోపం రాలేదు. హుకుంలో అందరి చేతా అని ఉన్నా, పన్నెండుమందినే చూసినప్పుడు ఆయనకి అనుమానమూ రాలేదు. చూడ్డానికి ఇంపుగా లేదని మాత్రం కోపం వచ్చింది. "ఇదేం కసరత్తయ్యా?" అన్నాడు. గంట మళ్ళీ బంట్రోతు చేతికిచ్చాడు. పల్లకీ ఎక్కాడు. గంట పక్క ఊరికి పోయింది.

ఊరు మొత్తం దాలప్ప మీద పడింది. దానివల్లే గంట పోయిందన్నారు. దానివల్లే పరువు పోయిందన్నారు. అన్నం పెట్టిన చేతినే కరిచిందన్నారు. అన్నం ఎవరు పెట్టారు? అంబలి పోసింది ఆవిడ! పంతులు ఆవిడ చీపురు తీసి వీధిలోకి విసిరేశాడు. ఆవిడ చీపురు తీసుకుని, దులుపుకుని, ఇంటికెళ్ళిపోయింది. అడ్డుపడ్డవాడు ఒక్కడు లేడు.

మర్నాడు పొద్దున పంతులు వాకిట్లో నిలబడి ఈల ఊదాడు. పన్నెండుమంది వరసలో ఉన్నారు. ఎవరూ కదల్లేదు.

పంతులు మళ్ళీ ఊదాడు. ఎవరూ కదల్లేదు.

"ఏరా జోగీ, చెవుడొచ్చిందా?"

జోగినాయుడు నేలచూపులు చూస్తూ అన్నాడు. "ఇంకా మిగిలినారండి."

అంతే. ఆ ఒక్క మాటకి ఆ రోజు బెత్తం విరిగింది. రెండో రోజు కొత్త బెత్తం వచ్చింది. పన్నెండుమందీ ఎండలో నిలబడ్డారు. "ఇంకా మిగిలినారండి" అన్నారు, ఈసారి పన్నెండుమందీ. మూడో రోజు మునసబే స్వయంగా వచ్చి కొడుకు చెవి పట్టుకుని మెలిపెట్టాడు. వాడు ఏడుస్తూనే అదే మాటన్నాడు. జోగినాయుడి తల్లి గోడ పక్కనుంచి చూస్తోంది. మునసబు ముందు ఎన్నడూ నోరెత్తని మనిషి.

"ఒగ్గీయండి ఆణ్ణి" అంది. "గుంటడు సెప్పిందాన్లో తప్పేటుంది?"

ఆ మాటకి గోడ పక్కనున్న ఆడవాళ్ళందరికీ నోళ్ళొచ్చాయి. కనకం అమ్మకి వచ్చింది. బుచ్చెన్న అమ్మకి వచ్చింది. ఏడాదిపాటు మింగిన మాటలన్నీ ఆ పూట బయటికొచ్చాయి. పంతులు నోట్లోంచి ఈల తీసి, "రమ్మనండి వాళ్ళని" అన్నాడు.

పెరట్లోంచి పిల్లలు వచ్చి వరసలో నిలబడ్డారు. కసరత్తు చేశారు. చేతనైనవాళ్ళు చేతనైనంత. తర్వాత శనగలు పంచబోతే శనగలు నాని లేవు. నానబోసే మనిషి లేదు కదా! ఎండు శనగలే తలా గుప్పెడు పెట్టారు. ఆ రోజు ఇద్దరికి కదులుతున్న పళ్ళు ఊడాయట.

కనకం కర్ర పట్టుకుని ఊరి చివర గుడిసెకి వెళ్ళింది. దాలప్ప కట్టెలు కొడుతోంది.

"దాలప్పా, అందర్నీ రానిచ్చినారు. నువ్వు కూడా వచ్చీ."

"నాను రానే అమ్మీ."

"పంతులికి బయిపడి రావా?"

"కాదే." దాలప్ప కత్తి పక్కన పెట్టింది. "గొళ్ళెం పెట్టిన సెయ్యి నాదే గదా. మళ్ళీ మీ మొకాలు ఎలాగ సూడను?"

"తీసింది నువ్వే గదా."

"తీసినాను. పెట్టకుండా ఉండాల."

కనకం వచ్చి పక్కన కూర్చుంది. దాలప్ప ఆ పిల్లవైపు తిరిగి అంది.

"నాకోసం ఒకటి సెయ్యండే. ఆట మొదలెట్టే ముందు అడగండి, ఎవులైనా మిగిలినారా అని. ముప్పాలి అడగండి. పెద్దోల్లు సెప్తే నమ్మకండి. మిగిలినోల్లే సెప్పాల."

ఆ ఏటి వానల్లో దాలప్పకి చలిజ్వరం వచ్చింది. మూడు రోజులు కనిపించకపోతే, ఊళ్ళో ఎవరైనా అడిగారా? అడగలేదు. నాలుగో రోజు చోడి నారు మళ్ళకి వెళ్తున్నవాళ్ళు చూసి చెప్పారు, దాలమ్మ పోయిందని. చెప్పి నారు మళ్ళకే వెళ్ళిపోయారు.

పాడె కట్టడానికి ఆవిడ గుడిసెలో తాడు లేదు. కనకం, బుచ్చెన్న, రాజులు బడికి వెళ్ళి బావి గిలక మీంచి చేంతాడు విప్పారు. పంతులు ఎందుకని అడిగాడు. వాళ్ళు తాడు చుట్టి భుజాన వేసుకున్నారు. ఆ తాడుతోనే పాడె కట్టారు. జోగినాయుడు ఒక కొమ్ము పట్టాడు. మునసబు కొడుకు ఊరి చివర గుడిసె పాడె మోశాడని వారం రోజులు చెవులు కొరుక్కున్నారు. కొరుక్కోనివ్వండి.

పాడె లేపే ముందు కనకం చుట్టూ చూసింది.

"ఎవులైనా మిగిలినారా?" అని మూడుసార్లు అడిగింది. మొదటిసారి ఎవరూ పలకలేదు. రెండోసారి ఎవరూ పలకలేదు. మూడోసారికి వీధి చివర్నుంచి రాజులు తాత వచ్చాడు, బుచ్చెన్న నాన్న వచ్చాడు, ఒక్కొక్కరే తలలు దించుకుని వచ్చారు. పంతులు రాలేదు. ఆయన పేరేమిటో ఇప్పుడు ఎవరికీ తెలియదు. నాకు తెలుసు గానీ చెప్పను.

అదండీ దాలప్ప కథ. ఆ చుట్టుపక్కల బళ్ళల్లో ఇప్పటికీ ఏ ఆటైనా, ఏ కసరత్తైనా ఈల ఊదగానే మొదలుకాదు. ఒక పిల్లో పిల్లాడో ముందుకొచ్చి మూడుసార్లు అడగాలి. జవాబు పంతులు చెప్తే చెల్లదు. వరసలో మొదట నిలబడ్డవాడు చెప్పినా చెల్లదు. ఎవరు మిగిలిపోయేటట్టు ఉన్నారో వాళ్ళు చెప్పాలి.

వేరే చోట్ల చూస్తాను నేను. ఆటల పోటీలని పదిమందిని ఏరుతారు. మిగతా రెండొందలమందిని ఎండలో కూర్చోబెట్టి చప్పట్లు కొట్టమంటారు. నేను లేచి గట్టిగా అడుగుతాను. ముసలిదానికి మతిపోయిందంటారు. అననీ. నేనూ బడిలో ఆ చప్పట్లు కొట్టినదాన్నే. అయిదేళ్ళు కొట్టాను.

మొన్న చలికాలంలో ఆ వైపు ఒక బడిలో ఆటలు పెడితే వెళ్ళాను. పెద్ద అధికారి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. "అందరూ ఉన్నారు, మొదలెట్టండి" అన్నాడు పంతులు. పిల్లలు కదల్లేదు. ఒక పిల్ల ముందుకొచ్చి అడిగింది, మూడుసార్లు. జవాబు లేదు. పిల్లలందరూ పిట్టగోడ వైపు చూస్తున్నారు. గోడ మీద ఒక చిన్నపిల్ల కూర్చుని ఉంది, చేతికి కట్టు, మూతి ముడుచుకుని. అధికారి గడియారం చూసుకున్నాడు. పంతులు బతిమాలాడు. పిల్లలు ఎండలో అలాగే నిలబడ్డారు. ఎంతసేపో నిలబడ్డారు.

చివరికి ఆ పిల్ల గోడ దిగింది. నెమ్మదిగా నడిచి వచ్చింది. వరస చివర నిలబడి, ముక్కు తుడుచుకుని, "ఎవులూ మిగల్లేదు" అంది.

అప్పుడు పరుగెత్తారు.